చిలికా పడవలో దద్దోజనం

చిలికా వెళ్తున్నాం అని చెప్పగానే చుట్టాలు అడిగే ప్రశ్నలు ఎప్పుడూ ఒకేలా ఉంటాయి. పక్షులు వచ్చాయా, డాల్ఫిన్లు కనిపిస్తాయా, పడవకి ఎంత అడుగుతున్నారు. తిండి సంగతి మాత్రం ఎవరూ అడగరు. బరంపురం కోడలిగా వచ్చినప్పటి నుంచీ ఈ సరస్సు మీదకి ఇంటివాళ్ళని, వచ్చిన చుట్టాలని తీసుకెళ్తూనే ఉన్నాను. నా లెక్కలో ఆ పూట హాయిగా గడుస్తుందా, చిరాగ్గా గడుస్తుందా అనేది సగం కేరేజీలోనే తేలిపోతుంది. అందుకే ఈసారి రంభ, బర్‌కుల్, సాతపడా అనే మూడు పడవ రేవులనీ తిండి వైపు నుంచి చూసి రాస్తున్నాను. ఎక్కడ పడవెక్కాలి, ఎక్కడ దిగాలి, నీళ్ళ మీద ఏం తినాలి, ఏది ఒడ్డుకి వచ్చాకే తినాలి అన్నదే ఇందులో సంగతి.

ముందు చోటు గురించి నాలుగు మాటలు. చిలికా ఒడిశాలోని పూరీ, ఖుర్దా, గంజాం జిల్లాల్లో పరుచుకున్న ఉప్పునీటి సరస్సు. వానాకాలంలో పదకొండు వందల చదరపు కిలోమీటర్లు దాటుతుంది, ఎండాకాలంలో తొమ్మిది వందల దాకా తగ్గుతుంది. 1981లోనే రామ్‌సర్ జాబితాకి, అంటే ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల పట్టికకి, ఎక్కింది. మన శ్రీకాకుళం వైపు నుంచి వచ్చేవాళ్ళకి అన్నిటికన్నా దగ్గరది దక్షిణపు కొస, అంటే రంభ. ఇచ్ఛాపురం దాటి బరంపురం, ఛత్రపురం మీదుగా పదహారో నంబరు జాతీయ రహదారి పట్టుకుని వచ్చేస్తే చాలు. హౌరా - చెన్నై రైలు దారి కూడా సరస్సు ఒడ్డునే పోతుంది. రంభ, ఖల్లికోట్, బాలుగావ్ స్టేషన్లు వరసగా తగులుతాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో భాగమే. కాబట్టి బరంపురం బజార్లోనే కాదు, రంభ రేవులోనూ తెలుగు వినబడుతుంది. భాష రాదని భయపడక్కర్లేదు.

ఇక పడవ. రంభలో ఎక్కువగా దొరికేవి చెక్క పడవలు. వెనక డీజిల్ ఇంజను, మధ్యలో అటూ ఇటూ బల్లలు, పైన రేకో టార్పాలినో. పడవ కదిలాక మళ్ళీ రేవు చేరేదాకా నీళ్ళ మీద కొట్టు లేదు. చుట్టూ కనిపించేదంతా ఉప్పునీరు, నోట్లో పోసుకోలేం. మరుగుదొడ్డి ఉండదు. ఇంజను పక్కన కూర్చున్నవాళ్ళకి డీజిల్ వాసన, ముందు కూర్చున్నవాళ్ళకి గాలి, తుంపర. ఈ నాలుగూ మనసులో పెట్టుకుని కేరేజీ సర్దాలి. చేతికి కారే కూర, ఎముకలున్న మాంసం, గాలికి ఎగిరే మరమరాలు, రెండు చేతులూ కావాల్సిన తిండి, ఇవేవీ పడవకి పనికిరావు. స్టవ్ సంగతి అసలు ఎత్తకండి. ఒక చెక్క పడవలో కుర్రాళ్ళు చిన్న గ్యాస్ స్టవ్ మీద నూడుల్స్ వండుకోవడం కళ్ళారా చూశాను. పక్కనే డీజిల్ డబ్బా. పడవ నడిపే సరంగులు మొహమాటానికి వద్దనలేకపోతారు. వద్దనాల్సింది మనమే.

మేం రంభలో పొద్దున్న ఆరున్నరకల్లా రేవు దగ్గరుంటాం. ఆ వేళకి నీళ్ళు కదలవు. ఎండ ముదిరేకొద్దీ గాలి లేస్తుంది, పడవ ఊగుతుంది, పిల్లలకి కడుపులో తిప్పుతుంది. కాబట్టి టిఫిను పడవలోనే. దీనికి ఇడ్లీని మించింది నాకింకా దొరకలేదు. కానీ ఇడ్లీ పడవెక్కే పద్ధతి వేరు. ఆవిరి మీద నుంచి దించి వేడి తగ్గాక, కారప్పొడిలో నువ్వులనూనె కలిపి ఇడ్లీకి రెండు వైపులా రాసేయాలి. చుట్టూ మాత్రమే రాస్తే లోపల చప్పగా ఉంటుంది, అందుకని పుల్లతో నాలుగు చోట్ల పొడవాలి. నిప్పుల మీద వాడ్చిన అరిటాకులో మూడేసి పెట్టి, దారంతో కట్టి, మనిషికొక పొట్లం. పడవలో దారం లాగితే ఆకు కమ్మదనంతో పాటు నూనె పీల్చిన ఎర్రటి ఇడ్లీ బయటపడుతుంది. ఒక చేత్తో పడవ అంచు పట్టుకుని రెండో చేత్తో తినేయొచ్చు. కింద పడేది లేదు, కారేది లేదు. కొబ్బరి చట్నీ మాత్రం ఇంట్లోనే వదిలేయండి. ఎండలో రెండు గంటలకే పులిసిపోతుంది.

రంభ నుంచి చూడదగ్గ దీవుల్లో ఒకదాన్ని బ్రేక్‌ఫాస్ట్ ఐలాండ్ అంటారు. ఖల్లికోట రాజులు కట్టించిన బంగళా శిథిలాలు అక్కడ ఉన్నాయి. కాస్త దూరంలో నీళ్ళ మధ్య రాతి గుట్ట మీద ఒక గదీ, శంఖంలా పైకి సన్నబడిన స్తంభమూ కనిపిస్తాయి. ఈస్టిండియా కంపెనీ కాలంలో గంజాం కలెక్టరుగా ఉన్న స్నాడ్‌గ్రాస్ కట్టించింది. పైన దీపం పెట్టడానికని చెబుతారు. మా పొట్లాలు విప్పేది ఆ గుట్ట దగ్గరే. సరంగు ఇంజను ఆపేస్తాడు. తినేటప్పుడు ఇంజను ఆపమని ముందే మాట్లాడుకోండి. ఇంజను మోతలో, డీజిల్ పొగలో తిన్న తిండికీ, ఆపాక నీళ్ళ చప్పుడు వింటూ తిన్న తిండికీ పోలికే లేదు. పావుగంట ఆపినందుకు ఎవరూ డబ్బులు ఎక్కువ అడగలేదు.

ఈసారి మా సరంగు కూడా అప్పుడే తన సత్తు గిన్నె మూత తీశాడు. పఖాళ. రాత్రి వండిన అన్నంలో నీళ్ళు పోసి పులియబెట్టింది, మన వైపు తరవాణి అన్నం లాంటిదే. పక్కన చిన్న ఆకులో కాల్చిన ఎండుచేప, ఉల్లిపాయ, రెండు పచ్చిమిరపకాయలు. మిరపకాయని ఉప్పులో అద్ది కొరికి, అన్నం పిడికిట్లో పిండి నోట్లో పెట్టుకుని, ఆఖరున గిన్నె ఎత్తి ఆ పుల్లటి నీళ్ళు తాగేశాడు. మా అత్తయ్య ఆయన్ని చూసి, "బాబూ, రోజూ ఇదేనా?" అని అడిగింది. "ఎండలో ఇదే అమ్మా. వేడన్నం తిని పడవ నడిపితే నిద్దరొస్తాది, దాహం తీరదు. ఈ నీళ్ళు తాగితే మజ్జాన్నం దాకా ఇంకేటీ అక్కర్లేదు" అన్నాడు. అత్తయ్య తన పొట్లంలోంచి ఒక ఇడ్లీ ఆయన చేతిలో పెట్టింది. ఆయన మాకు ఎండుచేప ముక్క ఇచ్చాడు. రోజంతా నీళ్ళ మీద బతికే మనిషి తినేది చల్లటిదీ, పుల్లటిదీ, తేలికైనదీ. పడవ భోజనానికి నాకు తెలిసిన సూత్రమంతా ఆ గిన్నెలోనే ఉంది.

అందుకే మధ్యాహ్నం దాకా నీళ్ళ మీద ఉండే రోజున దద్దోజనం తప్పనిసరిగా కడతాను. అన్నం కాస్త మెత్తగా వండి, వేడి మీదే మెదిపి, గోరువెచ్చగా అయ్యాక కాచిన పాలు ఎక్కువగా, పెరుగు రెండు చెంచాలు మాత్రమే వేయాలి. ఇంట్లో కలిపినప్పుడు జారుగా, పాయసంలా కనిపించాలి. తినే వేళకి అదే తోడుకుని గట్టిపడుతుంది, పుల్లబడదు. అచ్చంగా పెరుగుతో కలిపి తీసుకెళ్తే పదింటికే పులుపెక్కి పిల్లలు ముట్టరు. అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు తాలింపు చల్లారాకే కలపాలి. తోడుగా ఊరమిరపకాయలో, బరంపురం అప్పడాలో. బరంపురంలో ఇళ్ళల్లో అప్పడాలు, పచ్చళ్ళు చేసి అమ్మేవాళ్ళు ఎంతోమంది. పొద్దున్నే వేయించి గాలి చొరని డబ్బాలో పెట్టుకుంటే సరస్సు మీది తేమకి కూడా మెత్తబడవు.

పులిహోర కూడా మంచిదే. చింతపండు, నూనె, ఉప్పు సరిగ్గా పడితే సాయంత్రం దాకా నిలుస్తుంది. ఆవపిండి పెట్టిన పులిహోర అయితే నాకింకా ఇష్టం. కానీ పడవలో నా మొదటి ఓటు దద్దోజనానికే. ఎండలో పులిహోర దాహం పెంచుతుంది. శీతాకాలం డిసెంబరు, జనవరిల్లో పులిహోర, మార్చి దాటాక దద్దోజనం, ఇదీ మా ఇంటి పద్ధతి. పూరీలు వద్దు. చల్లారాక సాగుతాయి, నూనె తిండి తిని ఊగే పడవలో కూర్చుంటే కడుపు మొరాయిస్తుంది. కడుపులో తిప్పేవాళ్ళకి మామిడి తాండ్ర ముక్కో, ఉప్పులో ఎండిన అల్లం ముక్కో బుగ్గన పెట్టుకోమంటాను. మా మేనల్లుడు తాండ్ర చేతిలో లేనిదే పడవెక్కడు.

ఇక తాగేవి. చాలామంది ఇబ్బంది పడేది ఇక్కడే, ముఖ్యంగా ఆడవాళ్ళు. పడవలో మరుగుదొడ్డి లేదు కదా అని పొద్దున్నుంచీ నీళ్ళు ముట్టకుండా కూర్చుంటారు. పదకొండింటికల్లా తలనొప్పి మొదలవుతుంది. నీళ్ళ మీద ఎండ పై నుంచే కాదు, కింద నుంచి కూడా కొడుతుంది. నేను చేసేది ఇది. పడవెక్కే ముందు టీ, కాఫీ మానేస్తాను. ఒడ్డున మరుగుదొడ్డికి వెళ్ళొచ్చాక ఎక్కుతాను. ఎక్కాక గుక్కగుక్కగా పల్చటి మజ్జిగ. దంచిన అల్లం, కరివేపాకు, ఉప్పు వేసి వడగట్టి సీసాల్లో పోస్తే సీసా మూతికి ఏదీ అడ్డం పడదు. మనిషికి ఒక లీటరు మంచినీళ్ళు, అర లీటరు మజ్జిగ ఉంటే మూడు గంటల పడవకి సరిపోతుంది. వేసవిలో అయితే మజ్జిగ కలిపిన చోడి అంబలి. అది తాగితే ఆకలి కూడా ఆగుతుంది, పెద్దవాళ్ళకి తిండి బరువు తగ్గుతుంది. రంగు కూల్‌డ్రింకులు పిల్లలు అడుగుతారు గానీ తాగిన పావుగంటకే మళ్ళీ దాహం అంటారు. ఫ్లాస్కులో పాల టీ మూడు గంటలకి ఒకరకమైన వాసన కొడుతుంది. టీ లేకపోతే ఉండలేమంటే పాలు లేకుండా నిమ్మకాయ టీ పోసుకెళ్ళండి.

నిమ్మకాయ షర్బత్‌లో గంజాం వాళ్ళు మొగలి నీళ్ళు రెండు చుక్కలు వేస్తే అది వేరే లోకం. ఛత్రపురం, గోపాల్‌పూర్ వైపు తోటల గట్ల వెంట మొగలి పొదలు గుబురుగా పెరుగుతాయి. గంజాం మొగలికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. షర్బత్ ఎక్కడైనా దొరుకుతుంది గానీ ఈ వాసన ఈ నేలది. చుక్క ఎక్కువైతే సబ్బు నీళ్ళలా తగులుతుంది, జాగ్రత్త. ఏప్రిల్ మధ్యలో పణా సంక్రాంతి రోజుల్లో వస్తే బరంపురంలో మారేడు పానకం తాగకుండా వెళ్ళకండి. అది చిక్కన, బరువు. పడవ దిగాక తాగాల్సిందే.

బర్‌కుల్ సంగతి. బాలుగావ్ నుంచి దగ్గర. రేవు పెద్దది, పడవలు ఎక్కువ, జనమూ ఎక్కువే. అందరూ కాళీజై దీవికి వెళ్తారు. వెళ్ళి దర్శనం చేసుకుని రావడానికి దాదాపు రెండు గంటలు. అత్తవారింటికి పడవలో వెళ్తూ గాలివానలో మునిగిపోయిన జై అనే పెళ్ళికూతురే ఈ అమ్మవారని ఇక్కడివాళ్ళు చెబుతారు. సరస్సు మీద వెళ్ళే ప్రతి పడవా ఆమెకి దణ్ణం పెడుతుంది. మకర సంక్రాంతికి పెద్ద జాతర. ఆ రోజుల్లో చిన్నపిల్లలతో వెళ్ళకపోవడమే మంచిది. కాళీజైకి కేరేజీ అక్కర్లేదు. కొబ్బరి బొండాం ఒకటి తాగి, అరటిపళ్ళు నాలుగు తీసుకుంటే చాలు. దీవి మీద తిండి తిని విస్తళ్ళు పారేసేవాళ్ళని చూసి నాకు ఎప్పుడూ బాధే. అడ్డాకుల విస్తళ్ళే తీసుకెళ్ళినా సరే, ఒక సంచిలో వేసి వెనక్కి తెచ్చేయండి.

బర్‌కుల్ ట్రిప్పులో ఈసారి చేదు అనుభవం ఒకటి. బాలుగావ్ దగ్గర మేం దిగిన లాడ్జిలో రాత్రే మధ్యాహ్నం భోజనం ప్యాకెట్లకి చెప్పాం, డబ్బూ కట్టాం. పొద్దున్న ఎనిమిదింటికి ఇస్తామన్నవి తొమ్మిది దాటాక వచ్చాయి. చల్లటి వేళంతా రేవు దగ్గర నిలబడే పోయింది. నలబాన వైపు వెళ్ళే దూరపు ప్రయాణం అది. పక్షులున్న ఆ దీవి మీదకి మనల్ని దిగనివ్వరు, దూరం నుంచే చూడాలి, అందుకని భోజనం కచ్చితంగా పడవలోనే. తీరా ప్యాకెట్లు విప్పితే పల్చటి రేకు డబ్బాల్లో ఎముకల చికెన్‌తో ఫ్రైడ్ రైస్, ప్లాస్టిక్ కవరులో ఉల్లిపాయ పెరుగు. ముడి విప్పగానే పులుపు వాసన. ఎముకలు ఎక్కడ వేయాలో తెలీదు, మూతలు గాలికి లేచిపోతున్నాయి, ఒకటి నీళ్ళలో పడిపోతే సరంగు పడవ తిప్పి గెడతో తీశాడు. పెరుగు ఎవరూ ముట్టలేదు. ఇంటి నుంచి తెచ్చిన అటుకులు, బెల్లం, జామకాయలతో పూట గడిచింది. ప్యాకెట్లు కొనాల్సి వస్తే హోటలు వంటవాళ్ళకి వివరంగా చెప్పండి: పొడి కూర, ఎముక లేకుండా, పెరుగు విడిగా వద్దు, ఏడున్నరకి చేతిలో ఉండాలి. అంతకన్నా తేలిక దారి, బాలుగావ్ బజార్లో అటుకులు, పెరుగు, అరటిపళ్ళు, పంచదార కొనుక్కోవడం. ఒడియావాళ్ళ చుడా - దొహి అదే. స్టీలు గిన్నెలో అటుకులు తడిపి పెరుగు వేస్తే పది నిమిషాల్లో భోజనం.

పక్షుల గురించి ఒక మాట. శీతాకాలంలో గోధుమరంగు తల గల్ పక్షులు పడవ వెంట పడతాయి. వాటికి వేయమని రేవులో మిక్చర్ పొట్లాలు అమ్ముతారు. పిల్లలు ముచ్చట పడతారు, ఫొటోలు బాగా వస్తాయి. అయినా వేయకండి. ఉప్పూ కారం వేయించిన శనగపిండి వాటి తిండి కాదు. సరస్సులో వాటికి చేపలు చాలినన్ని ఉన్నాయి.

సాతపడా పూరీ వైపుది, డాల్ఫిన్ల కోసం వెళ్ళేది. ఇరావడీ డాల్ఫిన్లు. 2000లో సముద్రానికి కొత్త ముఖద్వారం తవ్వాక సరస్సు మళ్ళీ కోలుకుంది, చేపలు పెరిగాయి. సాతపడా గంజాం నుంచి చాలా దూరం, పూరీ యాత్రతో కలుపుకుంటేనే లాభం. సముద్రం కలిసేచోట ఇసుక మీద పాకల్లో రొయ్యలు, పీతలు అక్కడికక్కడ వేయించి ఇస్తారు. వాసనకి ప్రాణం లాగుతుంది గానీ నూనె చూసి, బేరం ముందే తేల్చుకుని తినండి. తిన్నాక మళ్ళీ గంటపైగా పడవ ఉందని మర్చిపోవద్దు. అదే ఇసుక మీద ఆల్చిప్ప పగలగొట్టి ముత్యం తీసి చూపించి అమ్ముతారు. ఆ ముత్యాలు కొనకండి.

ఉండటానికి నా ఓటు రంభకే. ఒడిశా పర్యాటక సంస్థ వాళ్ళ పాంథనివాస్ సరస్సు ఒడ్డునే ఉంది. పడవ రేవుకి నడిచి పోవచ్చు. రాత్రి నిశ్శబ్దం. బర్‌కుల్‌లోనూ అదే సంస్థ వసతి ఉంది, అక్కడ సందడి ఎక్కువ. పిల్లలకి నీటి ఆటలు కావాలంటే అక్కడే దిగండి. డిసెంబరు, జనవరి శని ఆదివారాలకి ముందుగా బుక్ చేసుకోకపోతే గది దొరకడం కష్టం. ముసలివాళ్ళు, పసిపిల్లలు ఉండి పడవ పడుతుందో లేదో తెలియకపోతే దారిలో ఛత్రపురం దగ్గర తంపరా సరస్సులో ఒక చుట్టు వేసి చూడండి. మంచినీటి సరస్సు, అలలు తక్కువ, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఒడ్డుకి రావచ్చు.

చిలికాకి వచ్చి చేప, పీత తినకుండా వెళ్ళమని నేను చెప్పను. తినాల్సింది ఒడ్డున, దిగాక, తీరిగ్గా కూర్చుని. పీతని పడవలో తినడం కుదరదు. డెక్క విరవాలి, పీల్చాలి, చేతులు మోచేతి దాకా అవుతాయి. బాలుగావ్ చేపల బజారు ఈ చుట్టుపక్కల పెద్దది. పొద్దున్నే వెళ్తే మండపీతలు తాళ్ళతో కట్టినవి బతికి ఉండగానే దొరుకుతాయి. కొనేటప్పుడు చేత్తో ఎత్తి చూడండి. సైజుకి తగ్గ బరువు లేకపోతే లోపల కండ ఉండదు. పొట్ట వైపు నొక్కితే గట్టిగా ఉండాలి. ఆడపీత అయితే పొట్ట కింద రేకు వెడల్పుగా గుండ్రంగా ఉంటుంది, మగదానికి సన్నగా కోసుగా ఉంటుంది. డెక్కల్లో కండ కావాలంటే మగది తీసుకోండి. పండుగప్పనీ రొయ్యలనీ కూడా వదలక్కర్లేదు. ఇక్కడి హోటళ్ళు, వసతి గృహాల వంటగదుల్లో అడిగితే మనం తెచ్చింది వండి ఇచ్చేవాళ్ళు ఉన్నారు, వంట కూలి తీసుకుంటారు. ఒడియా పద్ధతిలో ఆవ, వెల్లుల్లి నూరి వేస్తారు. మన నాలుకకి కారం తక్కువనిపిస్తే మిరియాలు దంచి వేయమనండి, కారప్పొడి గుమ్మరించమని మాత్రం అనకండి, పీత తీపి పోతుంది. పీత శుభ్రం చేసి వండడానికి గంటపైనే పడుతుంది కాబట్టి మధ్యాహ్నం పడవెక్కే ముందే పీతలు వంటగదిలో అప్పజెప్పి, ఎన్నింటికి తింటారో చెప్పి వెళ్ళండి.